హజార్డ్ లైట్లు ఎప్పుడు వేయాలి, ఎప్పుడు వేయకూడదు

డాష్‌బోర్డ్ మధ్యలో ఎర్ర త్రిభుజం బొమ్మ ఉన్న బటన్ ఒకటి ఉంటుంది కదా, ఇదంతా దాని గురించే. నొక్కగానే నాలుగు మూలల్లో ఉన్న ఇండికేటర్లు ఒకేసారి వెలుగుతూ ఆరుతూ ఉంటాయి. చాలామంది వీటిని పార్కింగ్ లైట్లు అంటారు. సగం చిక్కు ఆ పేరుతోనే వచ్చింది, ఎందుకంటే ఆ పేరు అలవాటైపోయాక ఎక్కడ బండి ఆపినా ఈ బటన్ నొక్కేస్తే చాలనిపిస్తుంది. అసలు పార్కింగ్ లైట్లు వేరు, అవి ఆరిపోకుండా సన్నగా వెలుగుతూ ఉండే చిన్న లైట్లు, వాటితో మనకి రాత్రిపూట చాలా పని ఉంది, ఆ సంగతి కింద చెప్తాను. ఇవి మాత్రం హజార్డ్ లైట్లు, ప్రమాదం ఉందని హెచ్చరించేవి.

ఇవి వెనకవాళ్లకి చెప్పేది ఒకే ఒక్క మాట: "నా బండి ఇక్కడ దారికి అడ్డంగా ఉంది, స్పీడ్ తగ్గించి చూసుకుని వెళ్లండి." థాంక్స్ చెప్పడానికీ, రెండు నిమిషాల్లో వచ్చేస్తానని చెప్పడానికీ, వాన గట్టిగా పడుతోందని చెప్పడానికీ ఇవి పెట్టలేదు. ఎవరికి తోచినప్పుడు వాళ్లు వేసుకుంటూ పోతే, నిజంగా నడిరోడ్డు మీద బండి ఆగిపోయి ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుని కూర్చున్నవాళ్లు వేసినప్పుడు కూడా వెనకాల వచ్చేవాళ్లు "ఊరికే వేసుంటార్లే" అనుకుని అదే స్పీడ్‌లో వచ్చేస్తారు. నేను ఇంత పట్టుబట్టి రాయడానికి కారణం అదే.

బండి ఆగిపోతోందని తెలిసినప్పుడు

ఇంజిన్ పట్టు వదిలేస్తున్నట్టు అనిపించినా, స్టీరింగ్ ఒక పక్కకి లాగేస్తూ టైరు పోయిందని అర్థమైనా, ముందు ఒక్క విషయం చూసుకోండి: బండికి ఇంకా ఊపు ఉందా లేదా. ఊపు ఉంటే హజార్డ్ కంటే ముందు మామూలు ఇండికేటర్ వేసి, అద్దాల్లో చూసుకుంటూ రోడ్డు పక్కకి వచ్చేయాలి, వచ్చాక హజార్డ్ నొక్కాలి. ఎందుకంటే చాలా బండ్లలో హజార్డ్ వేసి ఉండగా ఇండికేటర్ పుల్ల ఎటు తిప్పినా నాలుగూ ఒకేలా కొట్టుకుంటాయి, మీరు ఎటు వస్తున్నారో వెనకవాళ్లకి తెలిసే దారే ఉండదు. ఊపు లేకుండా లేన్ మధ్యలోనే స్పీడ్ పడిపోతుంటే మాత్రం ఇంకేమీ ఆలోచించకుండా వెంటనే హజార్డ్ నొక్కేయండి. బండి పూర్తిగా ఆగేదాకా ఉండి అప్పుడు బటన్ కోసం వెతుక్కునేవాళ్లు చాలామంది, ఆ ఐదారు సెకన్లే చాలా విలువైనవి. గంటకి 100 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి ఒక్క సెకనులో దాదాపు 28 మీటర్లు వచ్చేస్తుంది, ఐదు సెకన్లంటే 140 మీటర్లు.

వీలైనంత వరకు మలుపు మీద, ఎత్తు ఎక్కి దిగే చోట, వంతెన మీద ఆపకండి. టైరు పోయినా సరే, నెమ్మదిగా ఇంకో వంద మీటర్లు దేక్కుంటూ వెళ్లి తిన్నని రోడ్డు మీద ఆపితే మంచిది. రిమ్ము పాడైతే పాడవుతుంది, కొత్తది వేయించుకోవచ్చు.

ఈ మాట నేను పుస్తకంలో చూసి చెప్పట్లేదు. ఒకసారి రాత్రిపూట హైవే మీద నా వెనక టైరు పోయింది. కంగారులో ఎక్కడ పోయిందో అక్కడే పక్కకి తీసి ఆపేశాను, హజార్డ్ వేశాను, ఇక భయం లేదనుకున్నాను. హెచ్చరిక త్రిభుజం, అంటే వెనకవాళ్లకి కనిపించేలా రోడ్డు మీద నిలబెట్టే మెరిసే ఎర్ర త్రిభుజం, పెట్టడానికి వెనక్కి నడుస్తూ, ఓ నలభై అడుగులు వేశాక ఎందుకో వెనక్కి తిరిగి చూస్తే నా బండి కనిపించలేదు. మలుపు దాటగానే ఆపాను, అక్కడి పొదల వెనక బండి మొత్తం దాగిపోయింది. లైట్లు కొట్టుకుంటూనే ఉన్నాయి, ఆకుల మీద నారింజ రంగు పడుతూ పోతూ ఉంది, అంతే, ఆ వెలుగు దేనిదో ఎంతో దగ్గరికి వస్తే తప్ప తెలియదు. లోపల మా వాళ్లు ఇద్దరు కూర్చుని ఉన్నారు. పరుగున వెనక్కి వెళ్లి ముందు వాళ్లని దింపేశాను.

అప్పటి నుంచి నాకు అలవాటైంది ఏంటంటే, బండి ఆపి దిగాక వెనక నుంచి వచ్చేవాళ్లకి నా బండి ఎక్కడి నుంచి కనిపిస్తుందో వాళ్ల కళ్లతో చూడటం. బటన్ నొక్కామా లేదా అన్నది కాదు, అవతలివాళ్లకి కనిపించిందా లేదా అన్నదే లెక్క.

దిగేటప్పుడు, దిగిన తర్వాత

దిగేటప్పుడు ట్రాఫిక్ లేని వైపు తలుపు నుంచే అందరూ దిగాలి. డ్రైవింగ్ సీట్లో ఉన్నవాళ్లకి పక్క సీటు మీదుగా జరిగి దిగడం ఇబ్బందే, అయినా హైవే మీద ఆ ఇబ్బంది పడటమే మేలు. దిగి రోడ్డుకి దూరంగా, రెయిలింగ్ ఉంటే దాని అవతలికి వెళ్లి నిలబడాలి. బండికి ముందు మాత్రం నిలబడొద్దు, వెనక నుంచి ఏదైనా గుద్దితే మన బండే మన మీదకి వస్తుంది. చలిగా ఉందనో వాన పడుతోందనో పిల్లల్ని లోపలే కూర్చోబెట్టేస్తుంటారు, దయచేసి ఆ పని చేయకండి. గొడుగు పట్టుకుని బయట తడవడమే నయం. దిగే దారే లేని చోట, అంటే రెండు పక్కలా బండ్లు వేగంగా పోతూ ఉంటే, బెల్ట్ పెట్టుకుని లోపలే ఉండి హజార్డ్ వేసి ఎమర్జెన్సీ నంబరుకి ఫోన్ చేయాలి.

రాత్రయితే హజార్డ్‌తో పాటు పార్కింగ్ లైట్లు కూడా వేయండి. దీనికి కారణం చాలామందికి తట్టదు. ఇండికేటర్లు నిమిషానికి 60 నుంచి 120 సార్లు వెలిగి ఆరేలా తయారుచేస్తారు, అంటే దాదాపు సగం సమయం అవి ఆరిపోయే ఉంటాయి. చీకట్లో ఆ ఆరిన సమయంలో మీ బండి లేనట్టే లెక్క. వెలుగు వస్తూ పోతూ ఉంటే అది ఎంత దూరంలో ఉందో కంటికి సరిగ్గా అందదు. ఎర్రగా నిలకడగా వెలిగే రెండు లైట్లు కూడా తోడైతే బండి వెడల్పు, దూరం రెండూ తెలుస్తాయి.

డిక్కీ విషయం కూడా చూసుకోండి. స్టెప్నీ కోసమో జాకీ కోసమో డిక్కీ మూత ఎత్తుతాం, కొన్ని బండ్లలో వెనక లైట్లలో కొంత భాగం ఆ మూతకే ఉంటుంది, మూతతో పాటు అవి కూడా ఆకాశం వైపు తిరిగిపోతాయి. లైట్లు మూతకి లేకపోయినా, సామాన్లు తీస్తూ మనమే వాటికి అడ్డంగా నిలబడతాం. కావాల్సినవి గబగబా తీసుకుని మూత దించేయడం, లైటుకి అడ్డం రాకుండా పక్కకి జరగడం, ఈ రెండూ గుర్తుంచుకోండి. బురద రోడ్డు మీద వచ్చిన బండైతే ఒకసారి గుడ్డతోనో అరచేత్తోనో వెనక లైట్ల మీద తుడవండి, తుడవక ముందుకీ తర్వాతకీ తేడా మీకే కనిపిస్తుంది.

త్రిభుజం సంగతి

హజార్డ్ లైట్లు ఉన్నాయి కదా, ఇంకా త్రిభుజం ఎందుకు అనుకోవద్దు. లైట్లు బండి ఉన్న చోటే ఉంటాయి, త్రిభుజం హెచ్చరికని వెనక్కి తీసుకెళ్తుంది. పైగా దానికి బ్యాటరీ అక్కర్లేదు. బ్రిటన్‌లో రోడ్డు నియమాల పుస్తకమైన హైవే కోడ్ మామూలు రోడ్ల మీద కనీసం 45 మీటర్లు వెనక పెట్టమంటుంది, అంటే ఓ అరవై, అరవై ఐదు అంగలు వేయాలి. 100 వేగంలో వచ్చేవాళ్లకి ఆ 45 మీటర్లు సెకనున్నర పైచిలుకు మాత్రమే, కాబట్టి వేగంగా వెళ్లే రోడ్డయితే ఇంకా వెనక్కి వెళ్లాలి. మీ బండి దగ్గర నుంచి చూస్తే మలుపు ఉంటే మలుపుకి అవతల, ఎత్తు ఉంటే ఎత్తుకి అవతలి వైపు, అంటే వచ్చేవాళ్లకి బండి కంటే ముందు త్రిభుజం కనిపించేలా పెట్టాలి. నడిచేటప్పుడు దాన్ని విప్పి, మెరిసే వైపు ట్రాఫిక్‌కి కనిపించేలా ఛాతీ ముందు పట్టుకుని, వచ్చే బండ్లకి ఎదురుగా, రోడ్డు చివర అంచునే నడవండి.

అయితే అదే హైవే కోడ్ మోటర్‌వేల (అక్కడి ఎక్స్‌ప్రెస్‌వేల) మీద మాత్రం త్రిభుజం అసలు పెట్టొద్దంటుంది, పెట్టడానికి నడిచేవాళ్లకే ప్రమాదం కాబట్టి. స్పెయిన్‌లో 2026 జనవరి 1 నుంచి త్రిభుజాల స్థానంలో బండి పైకప్పు మీద పెట్టే మెరుపు లైటు తప్పనిసరి చేశారు, అక్కడా ఆలోచన అదే, బండి దిగి రోడ్డు వెంట నడిచే పని తప్పించడం. మీరు బండి నడిపే చోట నియమం ఏంటో ఒకసారి చూసుకోండి. నియమం ఏదైనా, బండ్లు ఆగకుండా దూసుకుపోతున్న చోట, నడవడానికి పక్కన జాగా లేని చోట త్రిభుజం కోసం ప్రాణం మీదకి తెచ్చుకోవద్దు.

నడుస్తున్న బండిలో వేసే సందర్భం

ఇది దాదాపు ఒక్కటే. హైవే మీద వేగంగా వెళ్తున్నారు, ఎదురుగా ఉన్నట్టుండి ట్రాఫిక్ ఆగిపోయి ఉంది, మీరు గట్టిగా బ్రేక్ వేయాల్సి వచ్చింది. అప్పుడు వరసలో చివరి బండి మీదే, మీ వెనక వచ్చేవాళ్లకి ముందు ఏం జరిగిందో ఇంకా తెలియదు. బ్రేక్ వేస్తూనే హజార్డ్ నొక్కండి, అద్దంలో చూస్తూ ఉండండి, మీ వెనక ఒక బండి వచ్చి స్పీడ్ తగ్గించిందని నమ్మకం కుదిరాక ఆపేయండి. ఇక చివరివాళ్లు మీరు కాదు, ఆ బాధ్యత ఇప్పుడు వాళ్లది. ఆ నాలుగు సెకన్లే ఈ లైట్ల అసలు విలువ అని నా అభిప్రాయం.

ఇప్పుడు చాలా కార్లు ఈ పని కొంతవరకు వాటంతట అవే చేస్తున్నాయి. ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనల్లో దీనికి ఒక లెక్క ఉంది: గంటకి 50 కిలోమీటర్లు దాటిన వేగంలో ఉండగా బలంగా బ్రేక్ పడితే, బ్రేక్ లైట్లు గానీ ఇండికేటర్లు గానీ సెకనుకి సుమారు నాలుగుసార్లు టపటపా కొట్టుకుంటాయి. చాలా మోడళ్లలో బండి ఆగిపోయాక హజార్డ్ కూడా వెలుగుతుంది, ఎయిర్‌బ్యాగ్ తెరుచుకున్నా వెలుగుతుంది. మీ బండిలో ఇది ఉందో లేదో మాన్యువల్‌లో చూడండి, ఉన్నా సరే బటన్ ఎక్కడుందో వేళ్లకి అలవాటు ఉండాలి.

బండి పూర్తి వేగం అందుకోలేక, మిగతా ట్రాఫిక్ కంటే బాగా నెమ్మదిగా పక్క నుంచి పోతూ ఉంటే, లేదా ఇంకో బండికి కట్టి లాగిస్తుంటే వేయాలా అని అడుగుతారు. కొన్ని చోట్ల వేయమంటారు, కొన్ని చోట్ల వద్దంటారు, మీ దగ్గరి చట్టం ప్రకారం వెళ్లండి. వేస్తే మాత్రం మలుపు తిరిగే ముందు ఆపి, ఇండికేటర్ వేసి, తిరిగాక మళ్లీ వేయడం మర్చిపోకండి.

వానలో, పొగమంచులో వేయొద్దు

ఎక్కువమంది వాదించేది ఇక్కడే. "ఏమీ కనిపించట్లేదు, కనీసం నేనైనా కనిపించాలి కదా" అంటారు. ఆ భయం నాకు అర్థమవుతుంది, గట్టి వానలో హైవే మీద వైపర్లు ఎంత వేగంగా ఆడినా అద్దం మీద నీళ్లు తప్ప ఏమీ కనపడనప్పుడు ఎవరికైనా చెయ్యి ఆ బటన్ మీదకే వెళ్తుంది. కానీ అవతలివైపు నుంచి ఒకసారి చూడండి. వానలో మీ వెనక వస్తున్నవాళ్లకి కనిపించేది కొట్టుకుంటున్న లైట్లు మాత్రమే. అది 60 వేగంలో వెళ్తున్న బండా, ఆగిపోయిన బండా వాళ్లకెలా తెలుస్తుంది? ఆగిందనుకుంటే గట్టిగా బ్రేక్ వేస్తారు, తడి రోడ్డు మీద జారి పక్క బండికి తగులుతారు. వెళ్తోందిలే అనుకుంటే, ఆ ముందు నిజంగా ఆగిపోయిన బండిని కూడా అలాగే అనుకుంటారు, అది ఇంకా ఘోరం. నలుగురు వేసుకుని వెళ్తుంటే వాళ్లలో ఆగినవాళ్లెవరో, వెళ్లేవాళ్లెవరో దేవుడికే తెలియాలి.

దానికి తోడు లేన్ మారేటప్పుడు ఇండికేటర్ పనిచేయదని పైన చెప్పాను కదా, సరిగ్గా అది అన్నిటికంటే ఎక్కువ అవసరమైన సమయంలోనే దాన్ని మనం చేజేతులా తీసేసుకుంటున్నాం. వెనక ఇండికేటర్లు కూడా ఎర్రగానే వెలిగే బండ్లు కొన్ని ఉన్నాయి, వాటిలో హజార్డ్ కొట్టుకుంటుంటే బ్రేక్ లైటు ఎప్పుడు వెలిగిందో పోల్చుకోవడం కూడా కష్టమే.

మరి ఏం చేయాలి? హెడ్‌లైట్లు డిమ్‌లో వేయండి, పట్టపగలైనా సరే. వాటితో పాటు వెనక ఎర్ర లైట్లు వెలుగుతాయి. పగలు ముందు మాత్రమే వాటంతట అవి వెలిగే లైట్లున్న కార్లలో జాగ్రత్త, చాలావాటిలో ముందు వెలుగు చూసి లైట్లు వేసే ఉన్నాయనుకుంటాం, వెనక మాత్రం చీకటిగానే ఉంటుంది, స్విచ్ చేత్తో తిప్పాల్సిందే. వెనక ఫాగ్ ల్యాంప్ ఉంటే దట్టమైన పొగమంచులో అది వేయండి, నిలకడగా గట్టిగా వెలుగుతుంది, మంచు తగ్గగానే ఆపేయండి. ముందు బండికి దూరం పెంచండి, స్పీడ్ తగ్గించండి. అప్పటికీ ఏమీ కనిపించకపోతే రోడ్డు మీద నుంచి పూర్తిగా దిగి, పెట్రోల్ బంకులోనో ఇంకో సురక్షితమైన జాగాలోనో ఆగండి. రోడ్డు అంచున ఆగక తప్పకపోతే, ఆగాక అప్పుడు హజార్డ్ వేయండి, అప్పుడది నిజం చెప్తుంది.

ఇంకొన్ని అలవాట్లు

జంక్షన్‌లో తిన్నగా వెళ్తున్నామని చెప్పడానికి నాలుగూ వేసేవాళ్లున్నారు. తిన్నగా వెళ్లడానికి ఏ లైటూ అక్కర్లేదు, ఏ ఇండికేటరూ లేకపోవడమే దానికి గుర్తు. ఇందులో ఉన్న ప్రమాదం పక్క నుంచి చూసేవాళ్లకే తెలుస్తుంది. జంక్షన్‌లో మీ పక్కన ఓ పెద్ద బండి ఉందనుకోండి, అవతలి పక్క నిలబడ్డవాళ్లకి మీ బండిలో సగమే కనిపిస్తుంది, ఒక వైపు లైటే కనిపిస్తుంది. కొట్టుకుంటున్న ఆ ఒక్క లైటుని చూసి మీరు అటు తిరుగుతున్నారని వాళ్లు ముందుకు వచ్చేస్తారు, మీరేమో తిన్నగా వస్తారు. వరసగా ఆగిన బండ్ల మధ్య హజార్డ్ వేసి ఉన్న బండిది కూడా ఇదే కథ, వెనక నుంచి ఒక మూలే కనిపిస్తే అది బయటికి రాబోతోందనుకుంటారు.

ఆపకూడని చోట బండి ఆపి, హజార్డ్ వేసి, షాపులోకి వెళ్లిపోవడం. లైట్లు వేసినంత మాత్రాన ఆపకూడని చోటు ఆపే చోటు అయిపోదు, దాదాపు ఏ దేశం చట్టం చూసినా అంతే. సొరంగంలోనూ వేయాల్సిన పని లేదు, హెడ్‌లైట్లు చాలు.

బ్యాటరీ, ముందే చూసుకోవాల్సినవి

తాళం తీసేసినా హజార్డ్ వెలుగుతూనే ఉండేలా కార్లలో వైరింగ్ చేస్తారు. మంచిదే, కానీ అది బ్యాటరీని తింటూనే ఉంటుంది. పాత రకం బల్బు ఒక్కొక్కటి 21 వాట్లు, నాలుగు కలిపి 84, అంటే 12 వోల్టుల బ్యాటరీ నుంచి వెలిగినప్పుడల్లా 7 ఆంపియర్లు లాగుతాయి. సగం సమయం ఆరి ఉంటాయి కాబట్టి సగటున మూడున్నర అనుకోండి. కొత్త బ్యాటరీ అయితే కొన్ని గంటలు తట్టుకుంటుంది, ముసలి బ్యాటరీ అయితే టైరు మార్చి తాళం తిప్పేసరికి స్టార్టర్ టక్కుమని ఊరుకోవచ్చు. ఎల్‌ఈడీ లైట్లయితే చాలా తక్కువ తీసుకుంటాయి. పాటలు, ఏసీ, ఫోన్ ఛార్జర్ లాంటివన్నీ ఆపేసి ఉన్న శక్తిని లైట్లకే ఉంచండి, లైట్లని మాత్రం పొదుపు కోసం ఆపకండి. బైకుల్లో కొన్నింటికి హజార్డ్ స్విచ్ హ్యాండిల్ మీద ఉంటుంది, కొన్నింటికి అసలు ఉండదు, కొన్ని తాళం ఆన్‌లో ఉంటేనే వెలుగుతాయి, మీదేదో ముందే తెలుసుకోండి.

నెలకోసారి చీకటి పడ్డాక హజార్డ్ వేసి, తాళం తీసి, బండి చుట్టూ ఒకసారి తిరగండి. నాలుగు మూలలు, అద్దాల మీదో పక్కనో ఉండే చిన్నవి, అన్నీ వెలుగుతున్నాయా చూడండి. మామూలు ఇండికేటర్ వేసినప్పుడు ఒక వైపు మాత్రం గబగబా కొట్టుకుంటుంటే ఆ వైపు బల్బు పోయిందని అర్థం. తర్వాత సీట్లో కూర్చుని, కళ్లు ముందుకే పెట్టి, బటన్ మీదకి చెయ్యి తిన్నగా వెళ్తుందో లేదో చూసుకోండి, కొత్త బండో అద్దె బండో అయితే కదిలే ముందే ఈ పని చేయండి. త్రిభుజాన్ని డిక్కీలో సామాన్ల అడుగున కాకుండా, మూత ఎత్తగానే చేతికి దొరికే చోట పెట్టండి. నేను ఆ రాత్రి మూడు బ్యాగులు రోడ్డు పక్కకి దింపాకే అది దొరికింది.

అంతా అయ్యాక మళ్లీ రోడ్డెక్కేటప్పుడు మాత్రం తొందరపడకండి. ముందు త్రిభుజం తెచ్చుకోండి, అందరూ ఎక్కి బెల్టులు పెట్టుకున్నాక ఇంజిన్ స్టార్ట్ చేయండి, అప్పటిదాకా హజార్డ్ వెలుగుతూనే ఉండాలి. ట్రాఫిక్‌లో ఖాళీ కనిపించినప్పుడు హజార్డ్ ఆపి, రోడ్డు వైపు ఇండికేటర్ వేసి, మీటర్ మీద రెండు బాణాల్లో ఒకటే కొట్టుకుంటోందని చూసుకుని, వీలైతే రోడ్డు పక్కనే కాస్త స్పీడ్ అందుకున్నాక లేన్‌లోకి రండి.